చివర్నుంచి కోసిన ఆరు పేర్లు

1961వ సంవత్సరం, యాసంగి, అంటే రబీ వరి, నాట్లకు ముందు రోజులు. అప్పుడు నేను హైదరాబాదులో రేడియోలో, గ్రామీణ కార్యక్రమాల విభాగంలో పనిచేస్తున్నాను. పల్లెలకు పోయి మనుషులను మాట్లాడించడం, ఆ మాటలను టేపు మీదికి ఎక్కించుకు రావడం, వాటిని పదిహేను నిమిషాల ఇంటర్వ్యూగా తయారుచేయడం, ఇదీ నా ఉద్యోగం. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు నా వంతు. పుట్టి పెరిగింది కరీంనగర్‌లోనే కాబట్టి అక్కడి మాట నాకెవరూ నేర్పనక్కర్లేదు. వేములవాడ గుళ్లో కోడెను కట్టి మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన యాత్రికులు, కొండగట్టు మెట్ల దగ్గర కొబ్బరికాయలమ్మే ఆడవాళ్లు, ఆసిఫాబాద్ వైపు అడవిలో వెదురు నరికే కూలీలు, అందరి గొంతులూ నా పెట్టెలోకి వచ్చాయి. మైకు ముందు నోరు పెగలని మనిషిని కూడా పావుగంటలో మాట్లాడించేవాణ్ని. ఇందులో వినయం నటించడం నాకు చేతకాదు.

అంతకన్నా పెద్ద గొప్ప ఇంకొకటుంది. అది నా బ్లేడు. ఆ రోజుల్లో ఎడిటింగ్ అంటే నిజంగానే కోయడం. స్పూల్‌ను, అంటే టేపు చుట్టిన చక్రాన్ని, చేత్తో మెల్లగా తిప్పుతూ మాటకూ మాటకూ మధ్య సందు ఎక్కడుందో చెవితో పట్టుకోవాలి. అక్కడ పసుపుపచ్చ పెన్సిల్‌తో గీత పెట్టి, గాడి ఉన్న ఇనుప దిమ్మ మీద టేపును పరిచి, బ్లేడుతో ఏటవాలుగా కోయాలి. అక్కర్లేని ముక్క తీసేసి, మిగిలిన రెండు కొసలనూ తెల్లటి జిగురు పట్టీతో అతకాలి. దీన్ని స్ప్లైసింగ్ అంటారు. మంచి అతుకు చెవికి తెలియకూడదు. నా అతుకు ఎక్కడుందో విని పట్టుకుంటే మీసం తీసేస్తానని తోటివాళ్లతో పందెం కాసేవాణ్ని. రిటైరయ్యేదాకా మీసం క్షేమంగానే ఉంది.

ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు. చెరువుల కింద సేద్యం గురించి ఒక ఇంటర్వ్యూ చేయమన్నారు. సుల్తానాబాద్‌కు నాలుగైదు మైళ్ల దూరంలో ఒక ఊరికి పోయాను. ఊరి పేరు రాయను, నన్నెరిగినవాళ్లు ఇంకా అక్కడున్నారు. చెరువు సగమే నిండింది. సగం నీళ్లతో మొత్తం ఆయకట్టు పారదు. ఎవరెవరు ఎంత మడి నాటుకోవాలో, ఎవరి వంతు ఎప్పుడో ముందే కూర్చుని కట్టుబాటు చేసుకుంటారు. దాన్ని తైబంది అంటారు. ఆ కట్టుబాటును నడిపించేవాడు నీరటి, అంటే తూము తెరిచి మూసి నీళ్లు పంచే మనిషి. ఆ ఊరి నీరటి ఎల్లయ్య. అరవై దాటినవాడు, బక్కపలచన, గొంతు మాత్రం చెరువు ఆ గట్టుకు వినిపించేటంత. నేను మైకు సంగతి చెప్పకముందే దాన్ని చేతిలోకి తీసుకుని ఎటునుంచి మాట్లాడాలని అడిగాడు. నాకు భలే నచ్చాడు.

వంతుల కాగితం చూపించమంటే నవ్వాడు. కాగితమే లేదట. పెద్దలు తేల్చిన వరసను అతను కట్ట మీద నిలబడి పేరుపేరునా పిలుస్తాడు. అంతే.

"పిలిచిందే వంతు, సారూ. పది మంది వినంగ పేరొస్తె నీళ్లున్నట్టు. పేరు రాకపోతె ఆ యేడు తూము దిక్కు చూడద్దు. ఒక్కపారి పిలిచినంక దేవుడొచ్చినా మార్చెటిది లేదు."

ఆ మాటలు నాకు ఎంత నచ్చాయంటే, ఇంటర్వ్యూను వాటితోనే మొదలుపెట్టాలని అక్కడే అనుకున్నాను. ఈ యేటి పిలుపు ఇంకా కాలేదన్నాడు. ఒకసారి మైకు ముందు పిలిచి చూపించమన్నాను. ఎల్లయ్య తలపాగా సర్దుకుని, కట్ట మీద నిటారుగా నిలబడి, తూము పక్కన ఉన్న పెద్ద పటేలు పొలం మొదలుకుని ఇరవై మూడు పేర్లు వరసగా పిలిచాడు. చివర్లో ఒక్క క్షణం ఆగి, "గిదే ఈ యేటి వంతు. ఎవ్వలకన్న మాటుంటే గిప్పుడే చెప్పుండ్రి" అని ముగించాడు. నేను వైర్లు చుడుతుంటే, ఈసారి తన పిలుపు రేడియోలోనే వస్తుందని ఊరికి చెబుతానని, అందరూ పంచాయతీ రేడియో ముందు కూర్చుని వింటారని అన్నాడు. మనిషి సంబరపడుతున్నాడనుకున్నాను. తప్పకుండా వినమని భుజం తట్టి బస్సెక్కాను.

హైదరాబాదు వచ్చి కోతకు కూర్చున్నాను. మొత్తం మీద ముప్పావు నిమిషం ఎక్కువొచ్చింది. అక్కడో దగ్గు, ఇక్కడో తడబాటు తీసేశాను. ఇంకా పావు నిమిషం తగ్గాలి. ఇరవై మూడు పేర్లు ఎవరు వింటారు? గుంటూరులో రేడియో పెట్టుకున్నవాడికి ఈ పేర్లతో ఏం పని? పదిహేడు పేర్ల దగ్గర కోశాను. చివరి ఆరు పేర్ల ముక్క తీసేసి, పదిహేడో పేరుకు "గిదే ఈ యేటి వంతు" అన్న మాటను అతికించాను. నా జీవితంలో చేసిన మంచి అతుకుల్లో అదొకటి. ఎల్లయ్య ఊపిరి కూడా ఎక్కడా తెగలేదు. పక్క బల్ల మిత్రుణ్ని పిలిచి వినిపించాను కూడా.

ప్రసారమైన నాలుగో రోజు పొద్దున గేటు దగ్గర నాకోసం ఎవరో వచ్చారని కబురొచ్చింది. పోయి చూస్తే ఎల్లయ్య. పక్కన యాభై ఏళ్ల ఆడమనిషి, చేతిలో సద్ది మూట. పెద్దపల్లిలో రైలెక్కి, రాత్రంతా కూర్చుని వచ్చారు. ఇంటర్వ్యూ మెచ్చుకోవడానికి వచ్చారనుకుని నవ్వుతూ ఎదురుపోయాను. ఎల్లయ్య నా మొహం చూడలేదు.

"గీమె మార్తవ్వ, సారూ. చివరి మడి గీమెదే. ఈమె పేరు నేను పిలిచిన్నా, పిలువలేదా? నువ్వే చెప్పు."

పిలిచాడనే చెప్పాను. టైము చాలక తీసేయాల్సి వచ్చిందని, రేడియోలో ఇది మామూలేనని వివరించబోయాను. అతను మధ్యలో ఆపలేదు, అంతా విన్నాడు. తర్వాత జరిగింది చెప్పాడు. ఆ యేడు కట్ట మీద పిలుపు వేరే పెట్టలేదట. రేడియోలో వచ్చేదే పిలుపని ఊరంతా ఒప్పుకుంది. వంద మంది పంచాయతీ ముందు కూర్చున్నారు, ఎల్లయ్య రేడియో పక్కనే నిలబడ్డాడు. మొదట అతని మాటే వచ్చింది, పేరు రాకపోతే నీళ్లు లేవని, ఒక్కసారి పిలిచాక మార్చేది లేదని. తర్వాత పదిహేడు పేర్లు వచ్చాయి. వెంటనే, "గిదే ఈ యేటి వంతు." తాను ఆరు పేర్లు ఇంకా పిలిచానని ఎల్లయ్య మొత్తుకున్నాడు. ఊరంతా నీ గొంతే విన్నది, ఇప్పుడు కాదంటే ఎట్లా అని పెద్ద పటేలు అడిగాడు. ఆ ఆరుగురివీ కాలువ కొసన ఉన్న చిన్న మడులు. మిషన్ చర్చికి పోయే కుటుంబాలు వాళ్లవి, ఒకప్పుడు పటేళ్ల పొలాల్లో జీతానికుండి పాలేరు పని చేసినవాళ్లు. ఎల్లయ్య పటేలు దగ్గర ఏదో తిని తమ పేర్లు మింగాడని ఆ ఆరిళ్లవాళ్లు అతని గడప తొక్కడం మానేశారు. మార్తవ్వ ఒక్కతే, నిజమేదో చూసొద్దామని అతనితో రైలెక్కింది.

"నారు వోసి నెల దాటింది, బిడ్డా" అంది మార్తవ్వ. "ముదురుతాంది. ఇంకో వారానికి గడ్డికి తప్ప దేనికీ రాదు. ఆ ఇరవై గుంటల మడే నాకు తిండి."

పల్లెల మాట నాకొకరు నేర్పాలా అని విర్రవీగినవాణ్ని, ఎల్లయ్య నా మొహం మీదే చెప్పిన నియమాన్ని మంచి డైలాగు అనుకుని వాడుకున్నాను తప్ప నిజంగా వినలేదు.

ప్రసారమైన టేపును వారం దాకా చెరపకూడదని మా దగ్గర నియమం ఉండటం అదృష్టం. కోసిన ముక్కలను ఒక డబ్బాలో పడేస్తాం, టేపు కరువు కాబట్టి వాటిని మళ్లీ వాడతాం. ఆ డబ్బాను బల్ల మీద కుమ్మరించాను. గజిబిజిగా చుట్టుకున్న గోధుమరంగు రిబ్బన్ల కుప్ప. వాళ్లిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ముక్కా మిషన్‌కు ఎక్కించాను. ఎవరో మంత్రిగారి దగ్గు, వీణ తీగ సవరింపు, ఎరువుల గురించి సగం వాక్యం. మధ్యాహ్నం దాటాక తొమ్మిదడుగుల ముక్క ఒకటి తిరిగింది. ఆరో పేరుగా మార్తవ్వ పేరు వినిపించగానే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎల్లయ్య మాత్రం ఆమె వైపే చూస్తున్నాడు. ఆమె అతనికి చేతులు జోడించింది. అప్పటిదాకా ఎండినట్టున్న ఆ ముసలాయన కళ్లు నిండాయి.

ఆ ముక్కను దాని చోట తిరిగి అతికించాను. రేడియోలో సవరణ చదవాలంటే ఎన్ని సంతకాలు కావాలో, అప్పటికి నారు ఏమవుతుందో మా పై అధికారి నాకు నెమ్మదిగా వివరించి, మిషన్ పట్టుకుని నువ్వే పో అన్నాడు. ఆ మాటకు ఆయనకిప్పటికీ కృతజ్ఞుణ్ని. మర్నాడు మధ్యాహ్నానికి ముగ్గురం ఊళ్లో ఉన్నాం. కట్ట మీద అందరినీ పిలిపించి టేపు వినిపించాను. ఇరవై మూడు పేర్లూ గంట కొట్టినట్టు వచ్చాయి. పని అయిపోయిందనుకున్నాను.

పెద్ద పటేలు లేచాడు. కోపిష్టి కాదు, గట్టిగా అరిచే మనిషీ కాదు.

"సారూ, మొన్న గీ గొంతే పదిహేడన్నది. నేడు గీ గొంతే ఇరవై మూడంటాంది. అతికిచ్చుకచ్చిన్నని నువ్వే అంటున్నవ్. రేపు ఇంకొకడు ఇంకోటి అతికిచ్చుకొస్తడు. మేం ఏది నమ్మాలె?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నా అతుకు తెలియకుండా ఉండటమే నా గొప్ప, ఆ గొప్పే ఇప్పుడు నా టేపును పనికిరాకుండా చేసింది. మిషన్ ఆపేశాను. టేపును బయటికి లాగి, నేను కోసి మళ్లీ పెట్టిన ముక్కకు అటూ ఇటూ ఉన్న తెల్లపట్టీలు చూపించాను. ముందు వరసలోవాళ్లు వేలు పెట్టి తడిమి చూశారు. తర్వాత చెప్పుల్లోంచి కాళ్లు తీసి నిలబడ్డాను. మా ఊళ్ల దగ్గర పది మందిలో తప్పు ఒప్పుకునేవాడు అట్లాగే నిలబడతాడు.

"ఎల్లయ్య ఇరవై మూడు పేర్లు పిలిచిండు. ఆరు పేర్లు నేను కోసిన. నా చేతితోటి కోసిన. ఎల్లయ్య తప్పు లేదు, పటేలు తప్పు లేదు. తప్పు నాది."

ఎందుకు కోశావని పటేలు అడిగాడు. టైము చాలక, అన్నాను. అప్పుడు మార్తవ్వ నెమ్మదిగా అడిగింది. నిష్ఠూరంగా కాదు, నిజంగా తెలుసుకుందామని అడిగింది.

"చాలకపోతె కొయ్యాలె, నిజమే బిడ్డా. నీళ్లు చాలకున్నా గంతే చేస్తరు. కని కోసెటోళ్లందరు చివర్నుంచే ఎందుకు కోస్తరు?"

ఆ ప్రశ్న నన్నొక్కణ్నే అడిగింది కాదని కట్ట మీద అందరికీ అర్థమైంది. పటేలు కాలువ కొస వైపు చూశాడు. పది మందిలో తప్పు ఒప్పుకున్న మనిషికి తాను అడ్డం రానని, పిలుపు మళ్లీ పెట్టుకోమని ఎల్లయ్యతో అన్నాడు.

ఎల్లయ్య తలపాగా సర్దుకుని కట్ట మీద నిలబడ్డాడు. నేను మిషన్ పెట్టెలో పెట్టేశాను, అది రికార్డు చేయాల్సింది కాదు. అతను ఆ రోజు పిలుపును తూము దగ్గరి నుంచి మొదలుపెట్టలేదు. మొట్టమొదటి పేరు మార్తవ్వది. పటేలు పేరు ఇరవై మూడోది. ఎవరికన్నా మాటుంటే చెప్పమన్నప్పుడు పటేలు నోరు తెరవలేదు. మూడో రోజు నీళ్లు కాలువ కొసకు చేరాయని, మార్తవ్వ నాటు వేసుకుందని సుల్తానాబాద్ నుంచి కార్డు వచ్చింది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు రేడియోలో ఉన్నాను, ఎన్ని వేల అడుగుల టేపు కోశానో లెక్కలేదు. కోయడం మానలేదు, పదిహేను నిమిషాలు పదిహేను నిమిషాలే. కానీ మైకు ఆపేముందు ఎదుటి మనిషిని ఒకటి అడగడం నేర్చుకున్నాను, ఇందులో ఏ మాట తీసేస్తే నీకు నష్టమని. చాలామంది ఆ ప్రశ్నకు ఒక్క క్షణం కూడా ఆలోచించేవాళ్లు కాదు. వాళ్లు చూపించిన మాట, పదిలో తొమ్మిదిసార్లు, నేను తీసేద్దామని మనసులో అప్పటికే గీత పెట్టుకున్నదే.