సేటు ప్రేమగ పిలువుమన్నడు

"రజితా! ఓ రజితా! జర బయటికొచ్చి సూడు, ఏందిది?"

మిల్లు ఓనరు సేటు ఒర్రిన ఒర్రుడుకు రేకుల మీది పావురాలన్ని ఒక్కసారే లేసినయ్. నేను గప్పుడే బస్సు దిగి గేటు కాడికి వచ్చిన. చూస్తే ట్రాక్టర్లు! గేటు లోపల ట్రాక్టర్లు, గేటు బయట ట్రాక్టర్లు, రోడ్డు మీద టీ హోటల్ దాటి, పెట్రోల్ బంకు దాటి ట్రాక్టర్లు. అన్నిట్ల వడ్లే. నాకైతే మస్తు సంబురమైంది. అబ్బ, మన సాఫ్ట్‌వేర్ పెట్టినంక సేటు దందా ఎంత పెరిగింది అనుకున్న!

మీరు నవ్వుతరని తెల్సు. నవ్వుండ్రి. గా రోజు నా ఇజ్జత్ సుల్తానాబాద్ రోడ్డు మీద ఎట్ల ఆరబోసిన్నో సాంతం ఇని, గప్పుడు ఇంకా గట్టిగ నవ్వుండ్రి.

నేను డిగ్రీ సగంల ఇడిచిపెట్టి, కరీంనగర్‌ల ఒక కోర్సు చేసి, గాడనే ఒక చిన్న ఆఫీసుల చేరిన. కింద మొబైల్ షాపు, మీద మేము. మా సారు, నేను, రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాన్. మందికి సాఫ్ట్‌వేర్ డెవలపర్ అని చెప్పుకుంట. మా అవ్వ మాత్రం "కంప్యూటర్ రిపేరు చేస్తడు" అని చెప్తది.

సుల్తానాబాద్ రైస్ మిల్లు పని నాకు సారు మొదటిసారి ఒంటిగ అప్పజెప్పిన పని. సంగతి ఏందంటే, కోతలప్పుడు రైతులందరు ఒక్కసారే వడ్లు తోల్కొస్తరు, జాగ ఉండదు. అందుకని వంతు పెట్టాలె. ఎవల వంతు వస్తే వాళ్లకు ముందురోజు పొద్దుమీకి కబురు పోవాలె. నేను ఎస్సెమ్మెస్ పెడదామన్న. సేటు నవ్విండు.

"నోటితోని పిలువకుంటె మనోళ్లు పెండ్లికే పోరు. కాయిదం మీద రాసి పంపితే వడ్లు తెస్తరా? పిలువాలె పిలగా, నోటితోని పిలువాలె!"

నిజమే గదా. మా మేనత్త ఇప్పటికి సుత అంటది, "పత్రిక ఇచ్చిండ్రు గాని పిలువలే, నేను పోలే" అని. అందుకని కంప్యూటరే ఫోన్ చేసి పిలిచేటట్టు చేసిన. ఫోన్ ఎత్తంగనే ముందు పిలుపు ఇనవడుతది. ఎన్క "వస్తే ఒకటి నొక్కుండ్రి, రాకుంటే రెండు నొక్కుండ్రి" అని వస్తది. నొక్కింది పోయి కంప్యూటర్‌ల పడుతది. మిల్లు ఆఫీసుల రజిత పొద్దుమీకి ఫోన్లు పంపి, పొద్దుగాల అది చూసి ఎవరు ముందు, ఎవరు ఎన్క అని చెప్తది.

ఇగ రజిత గురించి చెప్పాలె. ఎట్ల చెప్పాలె? మిల్లుల అంత దుమ్మే ఉంటది గదా, ఆమె చున్నీ ముక్కు దాక కట్టుకుంటది. కండ్లే కనవడుతయ్. గా కండ్ల రెప్పల మీద సన్నగ తౌడు పడి ఉంటది. అందరి మీద పడితే దుమ్ము. ఆమె రెప్పల మీద పడితే, ఏమో, మంచు పడ్డట్టు కొడుతది నాకు. ఏదో ఒకటి చెడిపోయిందని ఫోన్ చేస్తదేమో అని నేను దినాం ఎదురుచూస్తుంటి. సాఫ్ట్‌వేర్ మంచిగ నడిచినన్ని రోజులు నా మనసు మంచిగ లేకుండె.

మొదట్ల పిలుపు మా సారు గొంతుతోని పెట్టినం. సారు గొంతు బ్యాంకు లోను వసూలు చేసేటోళ్ల లెక్క ఉంటది. రైతులు భయపడి ఫోన్ కట్ చేయవట్టిరి. సేటు పరేషాన్ అయిండు.

"గా గొంతు తీసెయ్ పిలగా. నీ గొంతు పెట్టు. జర ప్రేమగ పిలువు!"

ప్రేమగ! గా మాట నాకు చెప్పాలెనా?

ఆఫీసుల సారు లేంది చూసి మంచిగ రికార్డు చేసిన. "అన్నా, రేపు మీ వంతు, వడ్లు తీస్కొని వస్తరా?" అని. మంచిగనే వచ్చింది. గాడికి ఆగితే అయిపోతుండె. కాని నాకొక ఆశ పుట్టింది. నా గొంతు ఫోన్ల ఇంటే రజితకు ఎట్లుంటది? ఒక్కసారి నా ఫోన్‌కే చేసుకొని ఇందామని ఇంకోటి రికార్డు చేసిన. కండ్లు మూసుకొని చెప్పిన:

"నిన్ను చూసిన కాడికెల్లి నా మనసు నా కాడ లేదు. తొవ్వల ఎవరొచ్చినా నువ్వే అనుకుంటున్న. రేపు... వస్తవా?"

ఇగ ఇక్కడ ఉన్నది తమాషా. మా తాన డేటాబేస్‌లు రెండుంటయ్. డేటాబేస్ అంటే పేర్లు, నంబర్లు దాచే సందూక అనుకోండ్రి. ఒకటి ఉత్తుత్తి సందూక, టెస్టు చేసుకునేది. దాంట్ల నా ఒక్కని నంబరే ఉంటది. ఇంకోటి అసలు సందూక, రైతులందరి నంబర్లు ఉంటయ్. రెండింటి కిటికీలు కంప్యూటర్ల ఒక్క తీరే కనవడుతయ్, కవలల లెక్క. "ఎవలికి పోవాలె" అన్న కాడ నేను ఖాళీ ఇడిచిపెట్టిన. ఉత్తుత్తి దాంట్ల ఉన్నదే నేనొక్కన్ని, ఇంకెవలికి పోతది? కాని కంప్యూటర్‌కు ఖాళీ అంటే అందరికి అని అర్థం. నేను తెరిచిందేమో అసలు సందూక కిటికీ.

నొక్కిన. ఫోన్ చేతుల పట్టుకొని, కండ్లు మూసుకొని కూసున్న.

రాలే.

ఇంక జరసేపు చూసిన. రాలే. "ఛ, ఏదో ఖరాబైంది. మంచిదే, రేపు మిల్లుకు పోయి చూడొచ్చు" అని సంబురపడి, లాప్‌టాప్ మూసి, కిందికి దిగి రెండు మిర్చి బజ్జీలు తిన్న. నేను బజ్జీలు తినంగ, నా గొంతు సుల్తానాబాద్ చుట్టు ఊర్లల్ల ఇంటింటికి తిరుగుతున్నది.

తెల్లారి నీలం అంగి ఇస్త్రీ చేసుకొని పోయిన. పోయి చూసింది గీ ట్రాక్టర్ల తీర్థం.

"ఏంది రజితా, ఇయ్యాల ఎంతమందికి వంతు చెప్పినం?" అంటుండు సేటు.

"కొంతమందికే సేటూ. కాని కంప్యూటర్ల చూస్తే అందరు వస్తమని చెప్పిండ్రు."

ట్రాక్టర్ల మీదికెల్లి రైతులు లొల్లి మొదలువెట్టిండ్రు. "మీరే పిలిస్తిరి, మీరే జాగ లేదంటిరి!" "నా వడ్లు ఇంకా పచ్చిగనే ఉన్నయ్, మీరు బతిలాడిండ్రని తెచ్చిన!" ఒకాయనైతే తన కొడుకు నంబరు రాయించిండట. కొడుకు దుబాయ్‌ల ఉన్నడు. వాడు గాడికెల్లి ఫోన్ చేసి, "బాపూ, మిల్లోళ్లకు నా మీద మనసైనట్టున్నది, జర పోయి సూసిరా" అన్నడట.

"ఏం బతిలాడినం? ఎవడు బతిలాడిండు?" అన్నడు సేటు.

గప్పుడు లచ్చవ్వ ట్రాక్టర్ ఎన్క వడ్ల డబ్బాలకెల్లి మెల్లగ దిగింది. ముసలామె, మొగడు పోయినంక ఒక్కతే ఎవుసం చేసుకుంటది. చీర కొంగుల ముడేసిన ఫోన్ తీసింది. ఆమె ఫోన్ల మాట్లాడిందంత దానంతట అదే రికార్డు అయితదట. అందరి ముంగట పెట్టింది.

"నిన్ను చూసిన కాడికెల్లి నా మనసు నా కాడ లేదు..."

అయ్యో అవ్వా! రైతులందరు మెడలు చాపి ఇంటున్నరు. "...రేపు వస్తవా?" అని నా గొంతు మెల్లగ, తేనె పూసినట్టు అడిగింది. గంత తియ్యటి గొంతు నాదని సేటుకు తట్టలే. ఎన్కనే కంప్యూటర్, "వస్తే ఒకటి నొక్కుండ్రి."

"గింత మంచిగ నన్నెవ్వలు పిలువలే బిడ్డా," అన్నది లచ్చవ్వ కండ్లు ఒత్తుకుంట. "మా ముసలోడు సుత ఎన్నడు పిలువలే. ఏయ్, ఓయ్ అనేటోడు. ఎట్ల రాకుంట ఉంట? ఒకటి నొక్కిన."

అందరు గొల్లున నవ్విండ్రు. సేటు నవ్వలే. నా దిక్కు తిరిగిండు.

"ఏంది పిలగా ఇది?"

నా నోట్లకెల్లి వచ్చిన మాట ఏందో తెల్సా? "హ్యాక్ అయింది సేటూ."

"హ్యాకా?"

"అవ్ సేటూ. ఎవడో హ్యాకర్ లోపలికి వచ్చిండు."

"హ్యాకర్ గాడు మన వడ్లేం చేసుకుంటడు? గా హ్యాకర్ గాడు మన యాసల మాట్లాడుతడా? సరే, తాళం ఎవల కాడ ఉంటది? గదే, పాస్‌వర్డు?"

"నా కాడ సేటూ. ఇంక... రజిత కాడ."

చూడుండ్రి, నోరు జారుడంటే గిదే. నేను అబద్ధంతోని నన్ను కాపాడుకుందామని చూస్తే, అది పోయి సక్కగ ఆమె మీద పడ్డది.

సేటు రజిత దిక్కు తిరిగిండు. "దినాం ఫోన్లు పంపేది నువ్వే. ఎవనితోనో ఇకఇకలాడి గిది పంపినవ్. గంతేనా?"

"నేను పంపలే సేటూ."

"నువ్వు పంపకుంటె కంప్యూటర్‌కు మనసైందా? సీజన్ల నా మిల్లు నవ్వులపాలైంది. నువ్వు టిఫిన్ డబ్బా తీస్కొని ఇంటికి పో. రేపటికెల్లి రాకు."

రజిత లోపలికి పోయి డబ్బా తెచ్చుకున్నది. పోతపోత నా దిక్కు ఒక్కసారి చూసింది. గా చూపుల కోపం లేదు. "నువ్వు చెప్తవా, చెప్పవా?" అన్నట్టు ఉన్నది. గప్పుడు నాకు ఎలిగింది. ఆమెకు తెల్సు. దినాం ఫోన్ల నాతోని మాట్లాడేటామెకు నా గొంతు తెల్వదా? తెల్సి సుత నా పేరు చెప్పలే.

ఆమె పోయి గేటు కాడ ఒక ట్రాక్టర్ పక్కకు నిలవడ్డది. దాని మీద వాళ్ల బాపు కొమురయ్య ఉన్నడు. ఆయన తల పట్టుకొని పక్కాయనకు చెప్తుండు:

"నా వడ్లు ఇంకా ఆరనే లేదు. ఇయ్యాల వద్దు బిడ్డా అంటే ఇంటదా? 'వస్తమని చెప్పిన బాపూ, పోవాలె' అన్నది. పొద్దుగాలనే తోలిచ్చింది."

"నీకు ఫోన్ రాలేదా?"

"నాకేడిది ఫోను? నా పేరు మీద బిడ్డ నంబరే రాయించిన."

నా గుండెల కోత మిషన్ నడిచినట్టైంది. అంటే నా పిలుపు ఆమె ఫోన్‌కు పోయింది. నా గొంతు గుర్తుపట్టింది. కట్ చేయలే. రెండు నొక్కలే. వస్త అన్నది! గా ఒకటి వడ్ల కోసమే నొక్కినట్టు అందరికి కనవడేతందుకు పాపం వాళ్ల బాపుతోని పచ్చి వడ్లు తోలిచ్చుకొచ్చింది! గసుంటామె నౌకరి నా అబద్ధంతోని పోతున్నది, నేను నీలం అంగి ఏసుకొని బొమ్మ లెక్క నిలవడ్డ.

"సేటూ!" అన్న. గొంతు కీచుమన్నది. "హ్యాకర్ ఎవ్వడు లేడు. గా గొంతు నాది. పంపింది నేను. రజితకు ఏం తెల్వది. ఆమెను పంపకుండ్రి."

సేటు నా దిక్కు చూసి చూసి, "నీదా?" అన్నడు.

"మీరే అంటిరి గదా సేటూ, ప్రేమగ పిలువుమని."

"ప్రేమగ అంటే గింత ప్రేమగనా! నాకు గాదు, పచ్చి వడ్లు ఏసుకొని వచ్చిండ్రు గదా, గీళ్లకు చెప్పు. ఎక్కు, గా ట్రాక్టర్ ఎక్కి చెప్పు!"

దగ్గరున్న ట్రాక్టర్ డబ్బా ఎక్కిన. ఎక్కినంక చూసుకుంటె అది కొమురయ్య ట్రాక్టరే. మోకాళ్ల దాక ఆయన వడ్లల్ల దిగవడ్డ. కింద రజిత నిలవడ్డది.

"తప్పైంది, మాఫ్ చేయుండ్రి," అన్న. "నిన్న పిలిచింది నేనే. కాని మిమ్ముల పిలువలే."

"మరి ఎవలను పిలిచినవ్?" అన్నడు ఒకాయన.

నేను అంగికి అంటిన వడ్లు దులుపుకున్న.

"నన్నే పిలిచిండు!" అన్నది లచ్చవ్వ. మల్ల నవ్వులు.

"చెప్పు పిలగా, డీజిల్ కాలవెట్టుకొని వచ్చినం. ఎవలో తెల్వకుంట వాపస్ పోతమా?"

పేరు చెప్పిన. నాకే ఇనవడలే.

"ఏమన్నడు?" "ఏమో, పెదిమెలు కదిపిండు." "ఓ పిలగా, పెట్రోల్ బంకు కాడోళ్లకు ఇనవడాలె! ఫోన్ల మంచిగనే మాట్లాడితివి గదా!"

కొమురయ్య సుత స్టీరింగ్ మీదికెల్లి ఎన్కకు తిరిగి, "చెప్పు బిడ్డా, బుగులువడకు. ఎవల పిల్ల?" అని ధైర్యం చెప్పిండు. పాపం మంచి మనిషి.

నేను రజిత దిక్కు చూసిన. ఆమె ముఖం మీది చున్నీ మెల్లగ కిందికి దించింది. నవ్వుతున్నదో, ఏడుస్తున్నదో నాకు సమజ్ కాలే. మా సారు ఎప్పుడు చెప్తడు, ఏదైనా టెస్టు చేయకుంట లైవ్‌ల పెట్టకురా అని. ఊరందరికి ఇనిపించిన మాటను నేను టెస్టు అనుకున్న. అసలు మాట మాత్రం ఒక్కసారి సుత టెస్టు చేయకుంట, వాళ్ల బాపు వడ్లల్ల నిలవడి, ఉన్న పానమంత గొంతుల పెట్టి ఒర్రిన:

"రజితను పిలిచిన! కొమురయ్య బిడ్డ రజితను! నాకు ఆమె అంటే పానం!"