పరకలకు పోసిన నల్లా నీళ్ళు

మొన్న మా చెల్లెలి అల్లుడు వచ్చినప్పుడు సెల్లులో ఒక వీడియో చూపించాడు. సముద్రం మీద పడవ, పడవలో తొట్టి, తొట్టిలో బతికున్న చిన్న చేపలు, వాటికి ఎప్పటికప్పుడు కొత్త ఉప్పునీళ్ళు తోడిపోసే మోటరు. పెద్ద చేపను గాలానికి పట్టాలంటే ఎర బతికే ఉండాలట, అందుకే ఇంత ఏర్పాటట. సముద్రాన్ని నేను చూడలేదు గాని, ఆ తొట్టి పని మోటరు లేకుండా ఏళ్ళ తరబడి చేశానని చెబితే అతను మర్యాదకు నవ్వాడే గాని నమ్మలేదు. పోనీ నా ఈడువాళ్ళయినా నమ్ముతారని ఇది రాస్తున్నాను. ఏడో తరగతితో బడి మానేసినా రాయడం మానలేదు నేను.

నేను పుట్టింది మర్రిగూడ దగ్గర ఒక పల్లెలో. మాది చేపలు పట్టే కులమే, కాకపోతే పట్టడానికి మా చెరువులో నీళ్ళుంటే కదా! ఉన్నది ఫ్లోరైడు బోరు నీళ్ళు, అవి తాగి మా పళ్ళు పచ్చబడ్డాయి, మా బాపు నలభై దాటకముందే నడుము వంచలేక గోడ పట్టుకుని నడిచేవాడు. ఎక్కడ తియ్యటి నీళ్ళు కనిపించినా ముందు ఒక చెంబు ముంచుకుని తాగడం అప్పటినుంచీ నాకు అలవాటు. పెళ్ళయి పాలమూరు దిక్కు వచ్చాను. ఇక్కడా చెరువు ఎండిందే. పదిహేనేళ్ళు మా ఆయనా నేనూ పుణెలో కట్టుబడి పనులు చేసుకుని బతికాం.

తెలంగాణ వచ్చిన తరువాత మా చెరువు పూడిక తీశారు, ఇంకొన్నాళ్ళకు కాలువ నీళ్ళు వచ్చి అలుగు దాకా నిండింది, రవ్వ, బొచ్చె చేపపిల్లలను తెచ్చి వదిలారు. సరిగ్గా ఆ ఏడే మా ఆయన రెండో అంతస్తు మీదనుంచి జారిపడి కుడి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది గాని ఇటుకల తట్ట ఎత్తే బలం మళ్ళీ రాలేదు. ఊరికి వచ్చి చేపల సంఘంలో తండ్రి పేరు ఉన్నచోట తన పేరు రాయమని అడిగితే సగంమంది ఒప్పుకోలేదు. చెరువు ఎండినన్నాళ్ళు పత్తా లేడు, నిండంగనే వచ్చిండని ముఖం మీదే అన్నారు. అందులో అబద్ధం లేదు కనుక మాకు కోపం రావడానికి కూడా వీలు లేకపోయింది.

చివరికి సంఘం పెద్దమనిషి ఒక దారి చెప్పాడు. చెరువులో కొర్రమట్టలు, వాలుగలు చేరి వదిలిన పిల్లలను మింగుతున్నాయి. కొర్రమట్టను మన రాష్ట్ర చేప అని గొప్పగా చెప్పుకుంటాం గాని, రవ్వ పిల్లలను పెంచేవాడికి అది పచ్చి దొంగ. పిల్లలు ఎదిగేదాకా వల లాగకూడదు, గాలం ఒకటే దారి, మా మామ పోయాక ఊళ్ళో ఒకే తాడుకు వరసగా గాలాలు కట్టి వేసే పని తెలిసినవాడు మా ఆయన ఒక్కడే. పొద్దుగూకే వేళ గాలాలు వేసి తెల్లారి అందరి ముందు ఎత్తాలి, దొంగ చేపలు పడితే పేరు రాస్తారు, పడకపోతే మళ్ళీ పుణె రైలే. ఆ భుజంతో ఆయన అక్కడ ఏం పని చేస్తాడో తలచుకుంటే నాకు అన్నం సయించేది కాదు.

గాలం మగవాళ్ళది, ఎర ఆడవాళ్ళది, మా అత్తగారింటి పద్ధతి అది. ఎర అంటే పరకలు, వేలెడు పొడవు తెల్లటి చేపలు. కొర్రమట్ట కదిలేదాన్నే మింగుతుంది, చచ్చినదాన్ని చూడనైనా చూడదు, అందుకని పరక గాలానికి ఎక్కేదాకా చురుగ్గా ఉండాలి. వెడల్పాటి గంగాళంలో చెరువు నీళ్ళే సగానికి పోసి చెట్టునీడన పెట్టాలి, దానిపైన, అడుగున చిన్న చిల్లి ఉన్న కుండను వేలాడదీయాలి, ఆ కుండలోంచి నీళ్ళు చుక్కచుక్కగా పడుతుంటే కింది నీళ్ళకు గాలి అందుతుంది. పొడిచేత్తో పరకను ముట్టుకోకూడదు. ఇవన్నీ మా అత్త నేర్పింది, నెల తిరక్కుండానే ఆమెను మించిపోయానని నేను అనుకున్నాను.

గాలాలు వేయవలసిన రోజు ఉదయమే నలభై పరకలు పట్టి తెచ్చాను. ఆ నెలలోనే మా వాకిట్లో కొత్తగా నల్లా పెట్టారు. తిప్పితే అద్దంలాంటి నీళ్ళు! మొదటి రోజు దోసిట్లో పట్టుకుని బాపు గుర్తొచ్చి ఏడ్చాను కూడా. ఆ ఉదయం గంగాళంలో బురద రంగు నీళ్ళు చూసి మనసొప్పలేదు. మా బతుకు మార్చబోయే చేపలకు ఈ నీళ్ళా అనుకుని అవి పారబోసి, గంగాళాన్నీ పైకుండనూ నల్లా నీళ్ళతో నింపి, మంచి పని చేశానన్న సంతోషంతో వంటకు పోయాను. మధ్యాహ్నం వచ్చి చూస్తే నలభై పరకలూ తెల్లగా తేలి ఉన్నాయి. మనం తాగడానికి నీళ్ళలో కలిపే మందు వాటికి విషమని నాకు అప్పటిదాకా తెలియదు.

మా ఆయన గంగాళం వైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసి, గాలాల తాడు భుజం మార్చుకుని అరుగు మీద కూర్చున్నాడు. నేను ఉదయం పరకలు పట్టిన చిన్నవలను మా మరిది అప్పటికే పక్కూరికి తీసుకుపోయాడు. నేను నిలబడ్డచోటే నిలబడి ఉంటే, మా అత్త నా పెట్టె తెరిచి, పెళ్ళికి బాపు పెట్టిన నారాయణపేట చీర, కట్టీ కట్టీ పలచబడినదాన్ని, బయటికి తీసింది.

"ఏడ్సుడు తర్వాత బిడ్డా, ఈ కొస నువ్వు వట్టు, ఆ కొస నేను వడ్త. గీసారి అవి పుట్టిన నీళ్ళనే వాటికి వొయ్యి."

ఎండకు నెత్తి మాడుతుంటే అత్తాకోడళ్ళం నడుము లోతు నీళ్ళలో చీరను వలలా పట్టుకుని ఒడ్డు వెంట లాగాం. జరీ అంచు తుమ్మకంపకు చిక్కి చిరిగింది. పొద్దు వాలేసరికి పడినవి పదకొండు. చెరువు నీళ్ళతోనే పెద్ద బిందెలో వేసి, గట్టు మీద గాలాలు కట్టేంతసేపూ చెంబుతో పైనుంచి పోస్తూనే ఉన్నాను, ఒక్కటి కూడా చావలేదు. నలభై గాలాల్లో ఇరవై తొమ్మిది ఎర లేక ఖాళీగా పోయాయి.

తెల్లారి ఊరు సగం గట్టు మీదే ఉంది. మా ఆయన ఎడమచేత్తో తాడు లాగుతుంటే ఎర ఉన్న మొదటి నాలుగు గాలాలకు ఏమీ లేదు. తరువాత వరసగా కొర్రమట్టలు, మొత్తం ఆరు, చివరి గాలానికి చేయంత వాలుగ. పెద్దమనిషి దాని పొట్ట కోయించి చూస్తే లోపల తొమ్మిది రవ్వ పిల్లలు. వద్దన్నవాళ్ళలో ఒకాయన వాటిని అరచేతిలో పోసుకుని అందరికీ చూపించాడు.

పెద్దమనిషి మా ఆయన దిక్కు తిరిగి, "రేపు మీటింగుకు రా తమ్మీ, పేరు రాసుకుంటం," అన్నాడు. తరువాత నన్ను చూసి, "గా బిందె జర బద్రంగ వెట్టుకో చెల్లె, నీ పనే పెద్దగున్నది," అన్నాడు. ఇన్నేళ్ళలో నాకు దక్కిన సర్టిఫికెట్టు అదొక్కటే, అది చాలు.

మేము మళ్ళీ పుణె రైలు ఎక్కలేదు. ఆ తరువాత నేను రెండు రోజులు, మూడు రోజులు కూడా పరకలను చురుగ్గా ఉంచాను, పక్క ఊళ్ళవాళ్ళు వచ్చి నేర్చుకుని పోయారు. అత్త పోయి మూడేళ్ళయింది. చెరువులో ఇప్పుడు ఎక్కడ చూసినా తెచ్చి వదిలిన రవ్వలు, బొచ్చెలే. వాటికి మేత వేస్తారు, ఏడాదికోసారి పెద్ద వలతో లాగుతారు, లారీ వస్తుంది. సంఘానికి మంచిదే, మాకూ మంచిదే. పరకలు మాత్రం ఏటేటా తగ్గిపోయాయి, వాటిని ఎవరూ తెచ్చి వదలరు కదా. అవి చెరువు నిండా ఉన్నప్పుడు వాటిని బతికించడం నాకు తెలియదు, ఇప్పుడు అంతా తెలుసు.

పోయిన వారం కాలువ అంచున మూడు పరకలు కనిపిస్తే చేయి తడుపుకుని పట్టి ఇంటికి తెచ్చాను. రెండు రోజులు ఉంచాను. ఏ గాలానికని మా ఆయన అడిగాడు. ఏ గాలానికీ కాదని చెప్పి, మూడో రోజు పొద్దున్నే తీసుకెళ్ళి చెరువులో వదిలి వచ్చాను. మూడూ బతికే ఉన్నాయి.