విరిచిన పుల్లకు సాక్షి

నాందేడ్ కోర్టులో ఒక వకీలు దగ్గర ఇరవై రెండేళ్లు గుమాస్తాగా చేశాను. ఆ మెట్లు ఎక్కీ దిగీ మోకాళ్లు అరిగిపోయాయి. వచ్చిన ప్రతివాళ్లనీ విసుక్కునేవాణ్ని, శివవ్వనూ విసుక్కున్నాను. ఆమె తిరిగి ఒక్క మాట అనేది కాదు. అదే నాకింకా మంట.

శివవ్వది ధర్మాబాద్. పదహారేళ్లకే ఉమ్రి ఊరి నాగేశ్వర్‌కిచ్చి చేశారు. మూడేళ్లయినా కడుపు పండలేదని కులపెద్దలు కూర్చుని పుల్ల విరిచేశారు. మరాఠీలో దాన్ని కాడీమోడ్ అంటారు. పుల్ల రెండు ముక్కలైతే మొగుడూ పెళ్లాం వేరైనట్టే. కాగితం లేదు, కచేరీ లేదు. తర్వాత ఆమె నాందేడ్‌లో మిల్లు పనిచేసే సీతారాంను మారుమనువు చేసుకుంది. పదమూడేళ్ల కాపురం తర్వాత, పంతొమ్మిదివందల డెబ్బయ్యేడులో అతను పోయాడు. దినాలైనా కాకముందే అతని తమ్ముడు రాధాకిషన్ కోర్టుకెక్కాడు. మొదటి మొగుడు బతికే ఉన్నాడు, విడాకుల కాగితం లేదు, కాబట్టి ఈమె మా అన్న పెళ్లామే కాదు, ఇల్లు ఖాళీ చెయ్యాలన్నాడు. వాడి నోట్లో మన్నుపడ!

ఇల్లంటే రెండు గదులు, పైన రేకులు. అది పోతే ఆమెకు వీధే గతి. ఆమె తరఫు కేసు మా వకీలే పట్టాడు.

కులాచారంగా జరిగిన విడుపును చట్టమూ ఒప్పుకుంటుంది, కానీ రుజువు అడుగుతుంది. పుల్ల విరిపించిన పెద్దలందరూ కాటికి పోయారు. నాలుగేళ్లు తారీకు మీద తారీకు. ఒకసారి జడ్జికి సెలవు, ఇంకోసారి వకీళ్ల బందు. ఆమె జొన్నరొట్టె మూట పట్టుకొచ్చి వరండాలో కూర్చునేది, సాయంత్రం లేచిపోయేది.

చివరికి నాగేశ్వర్‌నే సాక్షిగా పిలిచాం. ఉరుక్కుంటూ వచ్చాడు. రాక చస్తాడా? ఆ పుల్ల చెల్లకపోతే అతని రెండో పెళ్లీ చెల్లదు మరి.

సాక్ష్యానికి ముందు శివవ్వను పక్కకు పిలిచాను.

"'పంచాయితీల నేనున్న, ఒప్పుకున్న' అని చెప్పాలె. నువ్వు ఒప్పుకోకుంటె ఆ ఇడుపు చెల్లది."

"నేనేడున్న సాబ్? ఇంట్ల బియ్యం చెరుగుతున్న. మా నాయిన అచ్చి మూట కట్టు అన్నడు. గంతే."

"అబ్బబ్బ! గది కోర్టుల చెప్తవా? ఇల్లు ఉండాల్నా, పోవాల్నా?"

ఆమె వరండా చివర నిలబడ్డ నాగేశ్వర్ వైపు చూసింది.

"గాయినంటె నాకు పానం ఉండె సాబ్. నీకిష్టమేనా అని ఒక్కలన్న అడిగిన్రా?"

ఎన్ని అబద్ధాలు నేర్పిన నోరు నాది! పిలుస్తున్నారు, లోపలికి పద అన్నాను.

లోపల జడ్జి అడిగాడు, ఆ రోజు విడిపోవడం నీకిష్టమేనా అని. శివవ్వ తల తిప్పింది. జుట్టు నెరిసిన నాగేశ్వర్ చేతులు కట్టుకుని, అవునను అన్నట్టు తలాడిస్తున్నాడు. ఆమె అతన్నే చూస్తూ "ఇష్టమే" అంది.

ఆ ఒక్క మాట మీదే తర్వాత ఇల్లు దక్కింది.

ఆ రోజు మాత్రం వాంగ్మూలం కింద వేలిముద్ర కోసం ఆమె బొటనవేలు నేనే పట్టుకున్నాను. చల్లగా ఉంది. సిరా కొంగుకు తుడుచుకుంటూ అడిగింది.

"అయిపాయెనా సాబ్? ఇగ నేను గాయిన్ని ఇడిసినట్టేనా?"

"అయిపాయె, పో" అని కసిరాను.