ఆమె ఆఖరి మాట

నల్గొండ దవాఖానలో నేను కౌన్సెలర్‌గా ఉన్నప్పుడు మగ్గం నేసే ఒక పెద్దాయనను కోడలు తీసుకొచ్చింది. పదేళ్లు మంచాన పడ్డ భార్యకు అన్నీ తానే చేసిన మనిషి, ఆమె పోయాక తిండి మానేశాడట. ఏమడిగినా "నాకేం ఫికర్ లేదు మేడం" అంటూ, కనిపించని పోగులను వేళ్లతో ముడివేస్తూ కూర్చునేవాడు.

నాలుగోసారి వచ్చినప్పుడు ఆ వేళ్లు ఆగాయి.

"ఆమె పానం పోంగనే ముందుగాల నాకు నిమ్మలమైంది మేడం. తర్వాతనే ఏడ్సిన."

"అలిసిపోయినవు బాపూ, గంతే," అన్నాను.

"నా మనసుల ఏమున్నదో ఆమెకు ఎర్కే. సచ్చేముంగట నా చెయ్యి పట్టుకొని, ఇగ నీకు తీరిక దొరుకుతది అన్నది. దీవించిందా మేడం, ఎత్తిపొడిచిందా?"

దీవించిందని చెబితే నమ్మేవాడేమో. నాకే తెలియక చెప్పలేకపోయాను. ఆయన దండం పెట్టి వెళ్లాడు. మళ్లీ రాలేదు.