బల్ల మీది మేడం

పల్లీలు చూస్తే నాకు ఇప్పటికీ ఆమే గుర్తొస్తుంది. పిల్లల మీద జరిగే అఘాయిత్యాలను ఎలా పసిగట్టాలో మా టీచర్లకు నేర్పడానికి భీమ్‌గల్ నుంచి బోధన్ వచ్చేది. కుర్చీ, మైకు గిట్టవు. బల్లెక్కి కూర్చుని పల్లీలు నములుతూ చెప్పేది. మేమంతా వచ్చింది మధ్యాహ్నం బిర్యానీ కోసమేనని ఆమెకూ తెలుసు.

ఒకరోజు, మీసాలతోనే బడి నడిపే మా హెడ్మాస్టరు లేచాడు. "మన దిక్కు గిసోంటియి లేవు మేడం. అందరం సుట్టాల లెక్క ఉంటం."

ఆమె పొట్టు ఊదింది. "గట్లనా? అయితే పక్కనున్న ఎంఈవో సారుకు ఒక ముద్దియ్యుండ్రి."

హాలంతా గొల్లుమంది. ఎంఈవో తన కుర్చీని కాస్త అవతలికి జరుపుకున్నాడు.

"గదేంది మేడం?" అన్నాడు హెడ్మాస్టరు.

"ఇయ్యుండ్రి. సారు ఏమనుకుంటడు? మనోడే గద, సిగ్గెందుకు?"

ఇంటికి చుట్టం వస్తే మా పిల్లలతో మేము అనే మాటలే అవన్నీ. నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. హెడ్మాస్టరు చెవులు ఎర్రబడ్డాయి.

"నాకిష్టం లేదు" అన్నాడు చివరికి.

ఆమె నమలడం ఆపింది. "మంచిగ జెప్పిండ్రు. నేను ఊకున్న. గదే మాట మీ ఇంట్ల పిల్ల అంటే ఎవలన్న ఊకుంటున్రా? తన మాట ఎవలు ఇనరని నేర్సుకున్న పిల్ల, రేపు ఎవడన్న సెయ్యి ఏస్తే ఎవలికి జెప్తది?"

జవాబు కోసం అలాగే బల్ల మీద కూర్చుంది. బిర్యానీ చల్లారిపోయింది.