లాకుల్లో మా నాయనమ్మ

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. నా జన్మలో మొదటిసారి నిండు కాలువను చూసినప్పుడు నేను చెప్పులు విప్పేశాను. దుగ్గిరాల రేవులో గట్టెక్కి తలెత్తేసరికి ఎదురుగా నీళ్ళు. నేలతో సమానంగా, ఎవరూ తోడకుండా, ఎవరూ మొయ్యకుండా, వాటంతటవే నడిచిపోతున్నాయి. చర్చి గుమ్మం ముందు విప్పినట్టు విప్పి చేత్తో పట్టుకున్నాను. నాయనమ్మ చూసి "ఏందే, ముళ్ళల్లో ఉత్తకాళ్ళతో నిలబడ్డావు?" అంటే, "చెప్పు కరుస్తోంది" అని గొణిగాను. ఆ రాత్రి డైరీలో కూడా అదే రాసుకున్నాను. (డైరీ దగ్గర కూడా సిగ్గుపడే మనిషిని నేను.)

ఆ రోజుల్లో మా గురజాల పక్క పల్లెల్లో నీళ్ళకున్న మర్యాద మనుషులకు ఉండేది కాదు. చుట్టాలొస్తే జొన్నరొట్టెలు ఎన్నయినా పెట్టేవాళ్ళం గానీ, మంచినీళ్ళు సగం గ్లాసే ఇచ్చేవాళ్ళం. ముఖం కడిగిన నీళ్ళు గిన్నెలు తోమడానికి, గిన్నెలు తోమిన నీళ్ళు గేదె కుడితిలోకి పోయేవి. ఎండాకాలం వస్తే ఆడవాళ్ళు బావిలోకి తొంగి చూసి, గోడ మీద తడి ఎంత కిందికి దిగిందో దాన్నిబట్టే మాట్లాడుకునేవాళ్ళు. "నిన్నటికీ ఇయ్యాల్టికీ ఇంకో వరస రాయి బయటపడిందే" అన్నారంటే ఆ సాయంత్రం ఏ ఇంట్లోనూ స్నానం మాట ఎత్తేవాళ్ళు కాదు. కృష్ణ మాకు మరీ దూరమేమీ కాదు. కానీ ఎక్కడో లోతున, మమ్మల్ని చూడనట్టు వెళ్ళిపోయేది. మా పెద్దవాళ్ళు ఆ నది గురించి, కలిగిన దూరపు చుట్టం గురించి చెప్పుకున్నట్టు చెప్పుకునేవాళ్ళు. అప్పుడప్పుడే సాగర్ దగ్గర ఆనకట్ట లేస్తోంది. "మనకీ కాలవొస్తది" అని మగవాళ్ళు చుట్టలు కాలుస్తూ అనేవాళ్ళు. ఆడవాళ్ళు మాత్రం చేద తాడు భుజానేసుకుని బావి దగ్గరికి పోయేవాళ్ళు.

నేను స్కూలు ఫైనలు ప్యాసయ్యాను. టీచరు ట్రైనింగుకు వెళ్ళాలని కొండంత ఆశ. మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, డెల్టాలో ఒక కాలవ ఒడ్డు ఊళ్ళో కాపురముంటోంది. ట్రైనింగు స్కూలు వాళ్ళ ఊరికి దగ్గరే, వాళ్ళింట్లో ఉండి చదువుకోవచ్చు. మా నాన్న పల్లెబడి పంతులు, ఆయన వెంటనే సరేనన్నాడు. అమ్మ కాస్త ఏడ్చి సరేనంది. ఇక మిగిలింది నాయనమ్మ. మా ఇంట్లో ప్రార్థన చివర 'ఆమెన్' అనేదీ, ఏ విషయంలోనైనా ఆఖరి మాట చెప్పేదీ ఆమే. ఆమెకు రెండు అభ్యంతరాలు. ఒకటి, డెల్టా నీళ్ళు తాగితే బోదకాలు వస్తుంది. రెండోది నేనే.

"ఇదా టీచరయ్యేది? కూరలో ఉప్పు లేకపోయినా నోరిప్పి చెప్పదు. పక్కన పడుకునే నాకే తెలవదు దీని గొంతెట్టా ఉంటదో. బడి నిండా పిల్లకాయల్ని ఇదెట్టా అదిలిచ్చిద్ది?" అనేది. ఆమె నాకు పెట్టిన పేరు 'గుసగుస'. నాకు మాటలు లేక కాదు. నాన్న బడి బీరువాలోని పుస్తకాలన్నీ, చెదలు తిన్నవాటితో సహా, చదివేసిన దాన్ని. బుర్ర నిండా మాటలే. అవి తయారై నోటిదాకా వచ్చేసరికి ఎదుటివాళ్ళు ఇంకో సంగతిలోకి వెళ్ళిపోయుండేవాళ్ళు. చివరికి నాయనమ్మ తేల్చేసింది. "నేనే దీన్ని ఎంటబెట్టుకుని పోతా. ఆడ నీళ్ళూ చూస్తా, మనుషుల్నీ చూస్తా, ఇది ఆడ ఎట్టా మసులుద్దో అదీ చూస్తా. మనసుకి పడితే వదిలేసొస్తా. పడకపోతే మర్నాటి పడవలో దీన్ని ఎనక్కి తెస్తా. మళ్ళా నాకాడ ఈ ఊసెత్తగూడదు."

అలా బయల్దేరాం, నేనూ, నాయనమ్మా, ఒక ఇత్తడి బిందె. బిందెలో మా ఊరి బావి నీళ్ళు. మూతికి తడిగుడ్డ కట్టి, బస్సులోనూ రైల్లోనూ పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుంది. (నా ట్రంకుపెట్టె మాత్రం ఎవరి కాళ్ళ కింద ఉందో ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.) దుగ్గిరాల రేవులో ఆ బిందెతో పడవలోకి కాలు పెట్టగానే, పడవ నడిపే మీసాల సరంగు చుక్కాని వదిలేసి మరీ చూశాడు.

"ఏం మామ్మా, కాలవలోకి నీళ్ళు మోసుకొచ్చావు? మా కాలవ ఎండిపోయిందని ఎవురన్నా చెప్పారా?"

"నీ కాలవ నువ్వు తాగు నాయనా. నా కాళ్ళు రెండూ ఒకే లావున ఉండయ్యి. అట్నే ఉండనీ."

పడవంతా నవ్వింది. నేను ట్రంకుపెట్టెలో దూరిపోగలిగితే బాగుండుననుకున్నాను. తమలపాకుల గంపతో ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ఊరుకోకుండా చీర కుచ్చెళ్ళు పైకెత్తి, "ఇదుగో వదినా, పుట్టినకాడ్నించీ ఈ నీళ్ళే తాగుతున్నా. ఏదీ, ఏనుగు కాలేదో చూపిచ్చు" అని కాళ్ళు చాపింది. నాయనమ్మ వంగి, ఆ కాళ్ళు రెండూ శ్రద్ధగా పరీక్ష చేసి, "ఇంకా వయసుందిగా, వచ్చిద్దిలే" అంది. ఆకుల పెద్దమ్మ పగలబడి నవ్వి ఆమె చేతిలో ఒక ఆకు పెట్టింది. ఆ క్షణం నుంచీ ఇద్దరికీ స్నేహం కుదిరింది. నాకు మాత్రం గుబులు. పడవ ఇంకా కదలనే లేదు, ఇంత పొడుగు రోజు ఈమె నోటికి ఎన్ని పడవలు మునుగుతాయో, నా చదువు అందులో ఎన్నిసార్లు మునుగుతుందో!

పడవ కదిలింది. కదిలిందని నాకు తెలియలేదు, గట్టు మీది తాటిచెట్లు వెనక్కి జరుగుతుంటే తెలిసింది. నీటి వాలు మాకు అనుకూలం కనక ఎవరూ లాగడం లేదు. ఒకడు అప్పుడప్పుడూ గెడతో గట్టును ముట్టుకుని పలకరించినట్టు తోసేవాడు, అంతే. ఎదురొచ్చే పడవల్ని మాత్రం మనుషులు గట్టు మీద నడుస్తూ, భుజానికి తాడు వేసుకుని, నేలకు వంగి లాగుతున్నారు. బస్సులో కుదుపూ రైల్లో చప్పుడూ తప్ప ప్రయాణమంటే తెలియని నాకు, ఇంతమందిమి ఇంత నిశ్శబ్దంగా ముందుకు పోవడం ఏదో జరగకూడనిది జరుగుతున్నట్టుగా ఉంది. గేదెలు ముక్కులు మాత్రం పైకి పెట్టి నీళ్ళలో నిద్రపోతున్నాయి. లకుముకి పిట్ట నీలంగా మెరిసి నీళ్ళలో పడి, చేపతో లేచింది. రెండు పక్కలా వరిచేలు, ఆ పచ్చదనానికి అంతెక్కడ ఉందో నా కంటికి దొరకలేదు. మా ఊళ్ళో పచ్చరంగు అక్కడక్కడా అతికించినట్టు ఉంటుంది. ఇక్కడ నేలకు వేరే రంగే తెలియదు. నేను పడవ అంచు మీంచి చెయ్యి కిందికి వదిలాను. నీళ్ళు నా వేళ్ళ మధ్య నుంచి పోతూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. ఎవరూ "ఒలకబొయ్యమాకే" అని కేకలెయ్యలేదు.

నాయనమ్మ కూడా మాటలు తగ్గించింది. రేవులో ఒకావిడ కాళ్ళు కడుక్కుంటుంటే చూసి, "ఒక్క కాలికి అన్ని నీళ్ళే!" అని గుండెల మీద చెయ్యి వేసుకుంది. కాసేపటికి సరంగును అడిగింది.

"ఇయ్యి ఏ ఏటి నీళ్ళు నాయనా?"

"కిష్ణ నీళ్ళే మామ్మా."

"మా కిష్ణా?"

"మీదీ, మాదీ. బెజవాడ ఆనకట్టకాడ కాలవల్లోకి తిప్పారుగా."

ఆమె చాలాసేపు ఆ నీళ్ళవైపే చూసి, "మా గుమ్మం ముందు నుంచే పొయ్యి, ఈడికొచ్చి వడ్డిచ్చిందన్నమాట" అంది. కోపంగా అనలేదు. పంక్తిలో చివర కూర్చున్న మనిషి అన్నట్టు అంది.

ఎండ నెత్తికెక్కే వేళకు లాకులొచ్చాయి. లాకులంటే నాకూ తెలియదు, ఆమెకూ తెలియదు. తెలిసినవాళ్ళెవరికీ చెప్పాలని తోచలేదు, వాళ్ళకది రోజూ ఉండే సంగతి. రెండు ఎత్తయిన రాతిగోడల మధ్యకు పడవ వెళ్ళి ఆగింది. వెనక పెద్ద పెద్ద తలుపులు మూసుకున్నాయి. ముందు తలుపులూ మూసే ఉన్నాయి. అందరూ ఆకులు నములుతూ కూర్చున్నారు. ముందు తలుపుల కిందుగా నీళ్ళు అవతలికి పోతున్న హోరు మొదలైంది. పక్కనున్న గోడ మెల్లగా పొడుగవసాగింది. తడి రాయి ఒక వరస బయటపడింది. ఇంకో వరస. పాచి పట్టిన ఇంకో వరస. ఆకాశం చిన్నదైపోతోంది.

పల్నాడులో పుట్టిన ఆడదానికి ఆ గుర్తుకు ఒకే ఒక్క అర్థం తెలుసు. నాయనమ్మ లేచి నిలబడింది.

"నీళ్ళు అయిపోతున్నయ్యిరో! బావి ఎండిపోతంది! ఎవుడో గండి కొట్టాడు! లేవండర్రా, ఎక్కండి పైకి!"

"కూకో వదినా, నీళ్ళు తీసి పడవని కింది కాలవలోకి దించుతున్నారు" అంటోంది ఆకుల పెద్దమ్మ. ఎవరు వింటారు? గోడకు ఒక ఇనపగొలుసు వేలాడుతోంది. చంకన బిందె అలాగే ఉంచుకుని, రెండో చేత్తో ఆమె ఆ గొలుసు పట్టుకుంది. గొలుసు ఉన్నచోటే ఉంది. పడవ కిందికి దిగుతోంది. చూస్తుండగానే ఆమె చెయ్యి తలకన్నా పైకి పోయింది, మడమలు లేచాయి, మునివేళ్ళ మీద నిలబడింది. "వొదులు మామ్మా, వొదులు!" అని సరంగు అరుస్తున్నాడు. "వొదిలితే మునిగిపోమూ?" అని ఆమె ఇంకా గట్టిగా పట్టుకుంది. బిందె జారి బుడుంగున నీళ్ళలో పడింది. ఆమె కాలివేళ్ళు కూడా పడవను వదిలేశాయి. పడవ అంచుకూ గోడకూ మధ్య నల్లటి సందు, అందులో నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి.

అప్పుడు ఎక్కడినుంచో ఒక గొంతు లేచింది. "నాయనమ్మా! గొలుసు వొదిలెయ్! నేను పట్టుకుంటా! వొదలమంటున్నానా!" రాతిగోడల మధ్య అది రెండు మూడుసార్లు తిరిగొచ్చింది. లాకుల మీద చక్రం తిప్పుతున్న మనుషులు చెయ్యి ఆపి కిందికి తొంగి చూశారు. ఎవరిదబ్బా ఇంత గొంతని నేనూ చూడబోయాను. అప్పటికి నా నోరే తెరుచుకుని ఉంది, నా చేతులు ఆమె నడుము చుట్టూ ఉన్నాయి. ఆమె గొలుసు వదిలేసింది. ఇద్దరం కలిసి ఆకుల గంపలో పడ్డాం.

సరంగు గెడ కొక్కేనికి బిందెను తగిలించి పైకి లాగాడు, నిండా కాలవ నీళ్ళు. ఆకుల పెద్దమ్మ తన నలిగిన తమలపాకులకేసి చూసి, "పోతే పోయినయ్యిలే. గొంతంటే ఇదే గొంతు తల్లీ" అంది. ఇంతలో ముందు తలుపులు రెండూ, ఎవరో మెల్లగా పుస్తకం తెరిచినట్టు తెరుచుకున్నాయి. చీకటి గోడల మధ్య నుంచి ఒక్కసారిగా వెలుగులోకి, కిందిమట్టం కాలువలోకి, పచ్చటి చేల నడుమకి జారాం. అలాంటి తలుపు నాకోసం ఎప్పుడూ తెరుచుకోలేదనిపించింది. నాయనమ్మ బిందెలోంచి దోసిలితో తీసుకుని తాగింది. నోరు చప్పరించి, మళ్ళీ తాగింది. ఆ తర్వాత దిగే రేవుదాకా నన్ను ఎగాదిగా చూస్తూనే ఉంది, సంతలో కొన్న దూడకు పళ్ళు ఇంకో జత ఉన్నాయని ఇంటికొచ్చాక తెలిసినట్టు.

పిన్ని ఇంట్లో అన్నాల దగ్గర, ఎవరూ అడక్కముందే, ఆమె ఆఖరి మాట చెప్పేసింది. "పిల్ల ఈడే ఉంటది. చదువుకుంటది. నీళ్ళ సంగతి ఆ దేవుడు చూసుకుంటాడు. దీనికి గొంతు లేదనుకున్నా గానీ, ఉంది. లోతున ఉంది, మన బావిలెక్క."

ఇప్పుడు మా ఊరి పక్కనుంచి కూడా సాగర్ కాలువ పారుతోంది. నేను ఆ ఊళ్ళోనే టీచర్ని. పాఠం చెబుతుంటే మూడో గదిలోని పంతులుగారు తలుపు వేసుకుంటారు. (సిగ్గు మాత్రం పోలేదు. బడి గంట కొట్టగానే మళ్ళీ గుసగుసనే.) గట్టు మీద నడుస్తూ ఇంటికి వెళ్ళేటప్పుడు, ట్రంకుపెట్టెలో దూరిపోదామనుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి ఒంటరిగా నవ్వుకుంటాను.

మేం పిన్ని ఇంటికి చేరిన మర్నాడు పొద్దున్నే, పిన్ని భర్త చిన్నాన్న నాయనమ్మను తిరుగు పడవ ఎక్కించాడు. ఆ వానాకాలమే, నాకు సెలవులు రాకముందే ఆమె పోయింది. అందుకే ఆ రేవే నాకు మిగిలిన చివరి చూపు. తాడు లాగేవాళ్ళు వంగారు, పడవ ఎదురు నీటిలో కదిలింది. ఆమె వెనకవైపు కూర్చుని నన్నే చూస్తోంది. చెప్పాల్సినవి చానా ఉన్నాయి. నువ్వు లేకుండా ఎట్టా ఉండేదని, మళ్ళీ ఎప్పుడొస్తావని, నన్ను ఇక్కడ వదిలినందుకు నీకు ఏమివ్వాలని. అన్నీ కలిపి, పెదవులు కదిలీ కదలకుండా, గొంతులోనే అన్నాను. ఆమె చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకు వంగింది. రెండు గట్లూ అదిరేలా కేకేసింది.

"ఏందీ? ఇనపడలా! గట్టిగా చెప్పవే!"