పులి కింద మచ్చ

బల్ల మీద ఒక టేబుల్ లైటు, ఒక భూతద్దం, ఊడదీసిన నాలుగు మేకులు, ఫోటో ఫ్రేము వెనక అట్ట. గదిలో మనిషి నేనొక్కణ్ణే. డబ్లిన్ శివార్లలో సిటీవెస్ట్‌లోని ఈ అపార్ట్‌మెంట్‌కు మారాక, దుమ్ము దులుపుదామని ఫ్రేము విప్పితే అట్టలోంచి లావెండర్ మైనం వాసన వచ్చింది. నోరా ఇంట్లో చెక్క సామానంతటికీ అదే వాసన. కిటికీ కింద ట్రామ్ ఆగి వెళ్ళిపోయింది. నేను అట్టను ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను.

నోరా అంతకుముందు లీక్స్‌లిప్ అనే ఊళ్ళో నా ఇంటి యజమానురాలు. ఎనభై దాటిన మనిషి. భర్త పోయాక పై గదిని నాకు అద్దెకిచ్చింది. కంప్యూటర్ చిప్పుల ప్లాంటులో వేఫర్లనే పల్చటి సిలికాన్ బిళ్ళల మీద లోపాలు వెతకడం నా ఉద్యోగం. అక్కడ తల నుంచి పాదాల దాకా తెల్ల సూటు వేసుకుంటాం, కళ్ళు తప్ప ఏమీ కనబడవు. ఇంటికి వచ్చాక నాతో మాట్లాడేది నోరా ఒక్కతే. మొదటి రోజు అలవాటుకొద్దీ "గుడ్ నైట్ ఆంటీ" అన్నాను. "నేను నీకు ఆంటీని ఎప్పుడయ్యానబ్బాయ్? మా నాన్నకీ మీ తాతకీ పరిచయమే లేదే! నోరా అను చాలు," అంది. అప్పటినుంచి రోజూ టీ దగ్గర అదే ప్రశ్న. "ఇవాళ ఎవరితో పనిచేశావు?" నేను యంత్రం సంగతి చెబితే ఓపిగ్గా విని, "సరే, యంత్రం కథ అయింది. ఇక మనిషి కథ చెప్పు," అనేది. "కళ్ళే కనబడతాయి నోరా," అంటే, "కళ్ళు చాలవూ?" అనేది.

ఒక ఆదివారం, "నీకొక ఫోటో చూపించాలి, ప్రెస్‌లో ఉంది," అంది. పత్రికలో పడిందేమోననుకుని, "ఏ రోజు పేపరు?" అని అడిగాను. ఆమె వంటింటి అల్మరా తలుపు మీద తట్టి, నవ్వాపుకోలేక కుర్చీ పట్టుకుంది. ఐర్లండ్‌లో అల్మరాను ప్రెస్ అంటారు.

పళ్ళేల వెనక నుంచి తీసిన ఆ ఫోటోలో ఒక యువ సైనికుడు స్టూడియో కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. నోరా తండ్రికి పెద్దన్న, జేమ్స్. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో చేరి తిరిగి రాలేదు. తరువాత ఐర్లండ్ ఆ బ్రిటిష్ సామ్రాజ్యం నుంచే విడిపోయింది. ఆ యూనిఫాం వేసుకున్నవాడి పేరు ఇంట్లో ఎత్తకూడదన్నాడు నోరా తాత. అలా ఫోటో గోడ దిగి అల్మరా ఎక్కింది. పాత రికార్డుల్లో అదే పేరుతో, అదే వయసుతో ఇద్దరు దొరికారు. ఒకడు దక్షిణ ఐర్లండ్ పటాలంలో పనిచేశాడు, అతనికి ఫ్రాన్సులో సమాధి ఉంది. ఇంకొకడు డబ్లిన్ పటాలం వాడు, అతని శరీరమే దొరకలేదు. "మొదటివాడే మా జేమ్స్ అయితే ఒక్కసారి వెళ్ళి ఆ సమాధి దగ్గర నిలబడి వస్తాను. మా ఇంటినుంచి ఎవరూ వెళ్ళలేదు," అంది నోరా. పాస్‌పోర్టు కూడా అప్పటికే కొత్తది తీసుకుంది.

ఆ ఇద్దరిలో జేమ్స్ ఎవరో ఫోటోను బట్టి తేల్చడం నేను పద్ధతిగా మొదలుపెట్టాను. భుజం మీది ఇత్తడి అక్షరాలు పటాలం పేరు చెప్పాలి, కాని అతను పక్కకు తిరిగి నిలబడటంతో అవి కనబడలేదు. గుండీలు అందరికీ ఒకటే. ఇక టోపీ మీది బిళ్ళ. మంటలు చిమ్మే గుండ్రటి బాంబు రెండు పటాలాలకూ ఉంది. తేడా ఆ గుండు మీదే. దక్షిణ ఐర్లండ్ వాళ్ళకు పులి ఒక్కటే, డబ్లిన్ వాళ్ళకు పులి కింద ఏనుగు. ఫోటోలో పులి తెలుస్తోంది. కింద ఒక మచ్చ ఉంది. "అది తేమ మరక. మా అల్మరా సంగతి నాకు తెలీదా?" అంది నోరా. ప్లాంటులో నాతో పనిచేసే వరంగల్ సురేష్‌కు చెబితే, "ఏనుగు గుర్తా? ఎలక్షన్ల నిలవడ్డడా ఏంది మీ సోల్జర్?" అన్నాడు.

స్కాన్ చేసి, వెలుగు తగ్గించి పెంచి చూశాను. తొండం కనబడలేదు. అయితే మచ్చకు ఒకవైపు పైన గుండ్రంగా లేచిన ఎత్తు, దాని వెనక చిన్న పల్లం, ఆపైన వంగిన వీపు. మరకకు కుంభస్థలం ఉండదు. మాట తట్టాక ఇక అది మరకలా కనబడలేదు.

నోరాకు చెప్పాను. "ఏమన్నావు, ఆ మాట మళ్ళీ చెప్పు," అంది. చెప్పాను. "కుంబస్తలా," అని పలికి, "మా భాషలో ఏమంటారు?" అంది. "మీ దగ్గర దానికి ఒక్క మాట ఉన్నట్టు లేదు," అన్నాను. "ఉంటే నేనూ చూసేదాన్నేమో," అంది. లేచి కెటిల్‌లో నీళ్ళు పోసింది, స్విచ్ వేయడం మరిచిపోయింది. కాసేపటికి, "పొరపాటు పడి ఉండవు కదా?" అంది. లేదన్నాను. ఆ డబ్లిన్ పటాలం మూలాలు ఈస్టిండియా కంపెనీ కాలపు మద్రాసు, బొంబాయిల్లో ఉన్నాయని, పులీ ఏనుగూ అక్కడివేనని కూడా చెప్పాను. "మీ ఏనుగును మావాడు నెత్తిన మోశాడన్నమాట. దానికి అద్దె అడగవు కదా?" అంది. కళ్ళు మాత్రం తడిగానే ఉన్నాయి.

తరువాత బొటనవేలితో ఫోటోలోని టోపీని మూసింది. "ఇప్పుడు చెప్పు, ఎలా ఉన్నాడు?" అన్ని రోజులు చూసిన ఫోటోలో ఆ ముఖాన్ని నేను అప్పుడే మొదటిసారి చూశాను. "చెవులు కాస్త పెద్దవి. నవ్వు ఆపుకుంటున్నాడు. నాకంటే చిన్నవాడు." "మా నాన్న కూడా ఫోటోల్లో అంతే," అంది నోరా.

ఆమె ఫ్రాన్సు వెళ్ళలేదు, డబ్లిన్ పటాలం జేమ్స్‌కు అక్కడ సమాధే లేదు. చర్చి పక్కన తమ కుటుంబ సమాధి రాయి మీద జేమ్స్ పేరు చెక్కించింది. మరుసటి చలికాలం తనూ పోయింది, ఫోటోను ఆమె మేనకోడలు నాకిచ్చింది. ఇప్పుడు ఎవరినైనా కొత్తగా కలిస్తే, మెడలోని బ్యాడ్జీ చదవకముందే ముఖం చూస్తాను. ఇవాళ ఎవరితో పనిచేశావని అడిగేవాళ్ళు మాత్రం లేరు. వీలైన ఆదివారాల్లో బస్సెక్కి లీక్స్‌లిప్ వెళ్ళి ఆ రాయి ముందు నిలబడి వస్తాను. నోరా పేరు జేమ్స్ పేరు కింద ఉంది. రాయి మీద పేర్లు ఏడు. దాని కింద ఉన్నది ఆరుగురు.